కొత్త కారు చేతికొచ్చేసరికి మీటరులో 391 కిలోమీటర్లు: ఎంతవరకు ఒప్పుకోవచ్చు?

సీతమ్మధార_సాయంత్రం
శ్రావణ శుక్రవారం మంచిదని ముహూర్తం చూసుకుని మొన్ననే విశాఖలో మా మొదటి కారు తీసుకున్నాము. షోరూములో బండికి దండ వేసి, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి మా చేతికిచ్చి ఫొటోలు తీశారు. ఆ సందడిలో నేను మీటరు వైపు చూడనే లేదు. అక్కడి నుంచి నేరుగా సంపత్ వినాయకుడి గుడికి వెళ్లి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తిరిగి బండి ఎక్కుతుండగా మా ఆవిడ మీటరు చూసి, “ఇది కొత్త బండేనా?” అని అడిగింది. అందులో 394 ఉంది. షోరూము నుంచి గుడికి 3 కిలోమీటర్లు. అంటే మాకు అప్పగించేసరికే ఆ కారు 391 కిలోమీటర్లు తిరిగి ఉంది.

ఫోను చేస్తే సేల్స్ కుర్రాడు, “యార్డు ఆనందపురం దగ్గర ఉంది సార్, అక్కడి నుంచి షోరూముకు, ఆర్టీవో ఆఫీసుకు తిప్పుతాము, ఇది మామూలే” అన్నాడు. మర్నాడు మేనేజరుకు చేస్తే ఫ్యాక్టరీలోనే పరీక్ష కోసం నడుపుతారని చెప్పారు. ఒకే బండికి రెండు సమాధానాలు వచ్చేసరికి నా అనుమానం ఎక్కువైంది. ఎనిమిదేళ్లుగా కూడబెట్టిన సొమ్ముకు కొంత అప్పు కలిపి, 12 లక్షలకు పైగా పెట్టి కొన్న కారు ఇది. డెలివరీ నాటికి కొత్త కారుకు ఎంత మైలేజీ ఉంటే సరైనదని అనుకోవాలి? ఇప్పుడు నేనేం చేయాలి?

ఉక్కునగరం_సెక్టార్8
కొత్త బండికి మైలేజీ మొదట్లో తక్కువగానే వస్తుంది, దిగులు పడకండి. మా కారు మొదటి వెయ్యి కిలోమీటర్ల వరకు లీటరుకు 14 ఇచ్చింది, మూడో సర్వీసు తర్వాత 17కు చేరింది.

ఎండాడ_వాసి
ఉక్కునగరం గారూ, వారు అడుగుతున్నది లీటరుకు ఎంత ఇస్తుందని కాదు, డెలివరీకి ముందే బండి ఎంత తిరిగిందని. మనవాళ్లకు మైలేజీ అంటే పెట్రోలు లెక్కే గుర్తుకొస్తుంది కాబట్టి షోరూములో అడిగేటప్పుడు కూడా “మీటరు రీడింగు ఎంత” అని అడగడమే మంచిది.

సీతమ్మధార గారూ, నేను పోయిన ఏడాది తీసుకున్న కారుకు డెలివరీ నాడు 38 ఉంది. అదీ ఆనందపురం వైపు యార్డు నుంచి వచ్చిన బండే.

కంచరపాలెం_మెట్టు
మాది 52. మా బావమరిదిది 19. నా లెక్కలో 100 లోపు అయితే తీసుకోవచ్చు, దాటితే తీసుకోకూడదు. 391 అంటే ఎవరో వాడుకున్న బండి.

లాసన్స్‌బే_గాలి
యార్డు మాటను కాసేపు నమ్మి లెక్క వేద్దాము. ఆనందపురం నుంచి నగరం నడిబొడ్డుకు ఎటు నుంచి వచ్చినా పాతిక, ముప్ఫై కిలోమీటర్లకు మించదు. 391 కావాలంటే ఆ కారు యార్డుకూ షోరూముకూ మధ్య కనీసం పదమూడు సార్లు తిరిగి ఉండాలి. ఇక ఆర్టీవో కార్యాలయం మాధవధారలో ఉంది, అంటే ఊళ్లోనే. పైగా 2021లో కేంద్ర నిబంధనలు మారిన తర్వాత, పూర్తిగా తయారై వచ్చిన కారును రిజిస్ట్రేషన్ కోసం అధికారి ముందు నిలబెట్టవలసిన అవసరం కూడా లేదు. అందువల్ల ఆ కుర్రాడు చెప్పినది కారణం కాదు, ఆ పూటకు తోచిన మాట మాత్రమే.

పీడీఐ_పాతచేయి
నేను పదకొండేళ్లు ఒక డీలరు దగ్గర, డెలివరీకి ముందు బండ్లను తనిఖీ చేసే విభాగంలో పనిచేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను కాబట్టి తెలిసినది దాచకుండా చెప్పగలను.

కొత్త కారు మీటరు సున్నా దగ్గర ఎప్పుడూ ఉండదు. ఫ్యాక్టరీలో బండి పూర్తికాగానే రోలర్ల మీద, ఆ తర్వాత లోపలి ట్రాక్ మీద కొద్ది దూరం నడిపి చూస్తారు, అక్కడి నుంచి ఫ్యాక్టరీ యార్డుకు నడుపుతారు, ట్రెయిలర్ మీదకు ఎక్కిస్తారు. ఇదంతా కలిపినా నేను చూసిన బండ్లలో చాలా వాటికి పది, పదిహేను కిలోమీటర్లు దాటేది కాదు. పెద్ద ట్రెయిలర్లు ఊరి మధ్యకు రాలేవు కాబట్టి బండ్లను శివారు యార్డులో దింపుతారు. కొనేవారి పేరు ఖాయమైన తర్వాత యార్డు నుంచి వర్క్‌షాపుకు తెచ్చి, కడిగి, బ్యాటరీ, ఆయిలు, బ్రేకులు, దీపాలు అన్నీ చూసి, ఐదారు కిలోమీటర్లు రోడ్డు మీద నడిపి, సీటు కవర్ల వంటివి బిగించి షోరూముకు పంపుతాము. విశాఖలో ఇవన్నీ కలిపితే 20 నుంచి 60 వరకు రావడం సహజం. మా దగ్గర 100 దాటిన ప్రతి బండికీ కారణం రిజిస్టరులో రాసి మేనేజరు సంతకం తీసుకునేవాళ్లము.

మీరు తెలుసుకోవలసినది 391 అన్న ఒక్క అంకె కాదు, దాని వెనక ఉన్న మూడు అంకెలు. బండి ఆ డీలరు యార్డులో దిగిన రోజు రీడింగు, మా తనిఖీ పత్రంలో రాసే రీడింగు, గేట్‌పాస్ మీద రీడింగు. ఏ రెండు అంకెల మధ్య పెద్ద తేడా ఉందో చూస్తే బండి ఎప్పుడు తిరిగిందో బయటపడుతుంది. ఆ కాగితాలు అడిగే హక్కు మీకుంది, అడగండి.

ఇంకొక పని ఇప్పుడే చేయండి. స్టీరింగు మీది బటన్లు నొక్కుతూ పోతే మీటరు మధ్య తెరలో సగటు వేగం కనిపిస్తుంది. ఎవరూ దాన్ని చెరిపివేయకపోతే అది బండి పుట్టినప్పటి నుంచి ఉన్న సగటు. యార్డు, ఊరి ట్రాఫిక్‌లో తిరిగిన బండికి అది గంటకు 15, 20 దాటదు. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే ఆ కిలోమీటర్లు హైవే మీదవి. దయచేసి ముందు ఫొటో తీసుకోండి, ఆ తర్వాతే వేరే బటన్ ఏదైనా నొక్కండి.

ఆటోనగర్_లారీయజమాని
కిలోమీటర్లను చూసి ఇంత కంగారు పడడం నాకు అర్థం కావడం లేదు. నేను ముప్ఫై ఏళ్లుగా లారీలు నడిపిస్తున్నాను. మా చాసిస్‌లు జంషెడ్‌పూర్ నుంచో ఎన్నూరు నుంచో క్యాబిన్ కూడా లేకుండా డ్రైవరు నడుపుకుంటూ వస్తే, బాడీ కట్టించే సమయానికే మీటరులో 800, 900 ఉండేవి. ఎండకూ వానకూ తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్న ఆ డ్రైవర్లను జాతీయ రహదారి మీద మీరందరూ చూసే ఉంటారు. అలా వచ్చిన బండ్లే నా దగ్గర ఐదు లక్షల కిలోమీటర్లు నడిచాయి. నడవడం వల్ల ఇంజను పాడవదు.

కంచరపాలెం_మెట్టు
లారీకి, కారుకు పోలిక ఎలా కుదురుతుంది? మీకు చాసిస్ నడిచి వస్తుందని కొనేటప్పుడే తెలుసు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్_లారీయజమాని
చెప్పకపోవడం తప్పే, అది ఒప్పుకుంటాను. నేను ఇంజను గురించి మాత్రమే మాట్లాడాను.

మాధవధార_రాత్రిబడి
ఇంజను గురించి కూడా కొంచెం ఆలోచించాలి. దాదాపు ప్రతి కారు పుస్తకంలోనూ మొదటి వెయ్యి కిలోమీటర్ల వరకు ఇంజనును గట్టిగా తిప్పవద్దనీ, ఒకే వేగంతో గంటల తరబడి పోవద్దనీ, ఉన్నపాటుగా యాక్సిలరేటరు పూర్తిగా తొక్కవద్దనీ రాసి ఉంటుంది. పిస్టన్ రింగులు, సిలిండరు గోడలు, గేర్లు, బ్రేకు ప్యాడ్లు ఒకదానికొకటి సర్దుకునే సమయం అది. ఆ వెయ్యిలో మూడో వంతుకు పైగా ఎవరో తెలియని వ్యక్తి, ఏ వేగంతో నడిపాడో తెలియకుండా నడిచిపోయింది. ఇంజను పాడైందని నేను అనడం లేదు. కానీ నా బండికి మొదటి నడక నేర్పే అవకాశాన్ని నాకు తెలియకుండా ఇంకొకరు తీసుకున్నారన్న బాధ అబద్ధం కాదు.

భీమిలి_తీరం
తక్కువ రీడింగు ఉంటే చాలని సంబరపడేవారికి నా అనుభవం చెబుతాను. నా కారు డెలివరీ నాడు మీటరులో 11 మాత్రమే ఉంది. ఇంటికి తెచ్చాక చూస్తే తయారైన నెలకూ డెలివరీకీ మధ్య ఏడు నెలల ఎడం ఉంది. మన ఊరి ఉప్పుగాలిలో అన్ని నెలలు కదలకుండా ఆరుబయట నిలబడి, బ్రేకు డిస్కుల మీద తుప్పు గట్టిపడిపోయింది. మూడో వారంలో బ్యాటరీ చచ్చిపోయింది. ఒకేచోట బరువు మోసిన టైర్లు మొదటి కొన్ని రోజులు దడదడలాడాయి. అందువల్ల మీటరుతో పాటు, చాసిస్ నంబరు దగ్గర ఉండే తయారీ నెల, సంవత్సరం చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 11 కిలోమీటర్ల ముసలి బండి కంటే 90 కిలోమీటర్ల పడుచు బండి నయం.

మురళీనగర్_మర్రిచెట్టు
భీమిలి గారి మాటకు తోడుగా ఇంకొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయిన కొన్ని వారాలకు మా అన్నయ్య కొత్త కారు తీసుకున్నాడు. మీటరులో 22 ఉంది, అందరం తృప్తి పడ్డాము. తర్వాత ఒక చిన్న గీత పడి రంగు వేయించడానికి వెళ్తే, పై కప్పుకూ ఎడమ తలుపుకూ అంతకుముందే ఒకసారి రంగు వేశారని పనివాడు పరికరం పెట్టి చూపించాడు. తుపాను నాడు యార్డులో చెట్టు కొమ్మ పడి ఉంటుందని మేము అనుకున్నాము, రుజువు మాత్రం దొరకలేదు. మీటరు ఆ సంగతి చెప్పలేదు కదా.

సీతమ్మధార_సాయంత్రం
పాతచేయి గారూ, మీరు చెప్పినట్లే చూశాను. ఫొటో తీశాను. తెరలో సగటు వేగం గంటకు 51 అని ఉంది. తయారీ నెల చూశాను, రెండు నెలల కిందటిదే, టైర్లు కూడా దానికి సరిపోయేవే.

పీడీఐ_పాతచేయి
51 సగటు అంటే ఊళ్లో తిరిగినది కానే కాదు. మీటరులోని దూరాన్ని 51తో భాగిస్తే సుమారు ఏడున్నర గంటలు వస్తుంది. ఇది హైవే ప్రయాణం, బహుశా ఒకే విడతలో జరిగినది.

విజయనగరం_కోటగోడ
ఏడున్నర గంటలు, 391 కిలోమీటర్లు అనగానే నాకు విజయవాడ తోచింది. విజయవాడ నుంచి విశాఖకు జాతీయ రహదారి మీద దాదాపు 350. దానికి ఫ్యాక్టరీ, యార్డు, తనిఖీ కిలోమీటర్లు కలిపితే సరిగ్గా మీ అంకె దగ్గరకు వస్తుంది. ఒక డీలరు దగ్గర లేని రంగునో మోడల్‌నో ఇంకొక ఊరి డీలరు దగ్గరి నుంచి తెప్పించుకోవడం ఆ వ్యాపారంలో రోజూ జరిగేదే. ఒక్క బండి కోసం ట్రెయిలర్ పెట్టడం ఖర్చు కాబట్టి డ్రైవరును పంపి నడిపించుకుని వస్తారు.

మా ఊళ్లో నేను కొన్న కారు రీడింగు 81. విశాఖ నుంచి విజయనగరం 60 లోపే కాబట్టి, ఆ బండి విశాఖ యార్డు నుంచి నడిచి వచ్చిందని చూడగానే అర్థమైంది, అడిగితే వాళ్లు కూడా అదే చెప్పారు. నా మాట ఏమిటంటే, కిలోమీటర్లు దాదాపు ఎప్పుడూ ఏదో ఒక ఊరి పేరు చెబుతాయి.

లాసన్స్‌బే_గాలి
కోటగోడ గారి ఊహ బాగుంది కానీ ఇంకొక ఊరు కూడా సరిపోతుంది. రాజమండ్రి విశాఖకు దాదాపు 190. రానూ పోనూ 380. అంటే ఈ బండిని ఎవరికో చూపించడానికి రాజమండ్రి తీసుకెళ్లి వెనక్కి తెచ్చి ఉండవచ్చు, లేదా అక్కడివారికి అప్పగించబోతే వాళ్లు వద్దని తిప్పి పంపి ఉండవచ్చు. మొదటిది అయితే చూపించడానికి తిప్పిన బండి, రెండోది అయితే ఒకరు కాదన్న బండి. మీటరు ఈ రెంటికీ ఒకే అంకె చూపిస్తుంది. కాగితం చూడకుండా ఏదీ నమ్మవద్దు.

కంచరపాలెం_మెట్టు
ఏది అయినా బండి వెనక్కి ఇచ్చి కొత్తది అడగండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామంటే వాళ్లే దిగి వస్తారు.

న్యాయపథం_ద్వారకానగర్
న్యాయవాదిగా కొన్ని విషయాలు స్పష్టం చేయడం అవసరమనిపిస్తున్నది.

ఇన్ని కిలోమీటర్లు దాటితే అది కొత్త వాహనం కాదు అని చెప్పే సంఖ్య మోటారు వాహనాల చట్టంలో గానీ, 1989 నాటి కేంద్ర నిబంధనలలో గానీ లేదు. రిజిస్ట్రేషన్ కాని బండిని డీలరు రోడ్డు మీద నడపడానికి ట్రేడ్ సర్టిఫికెట్ ఉంటుంది. ఏయే పనులకు అలా నడపవచ్చో 41వ నిబంధన చెబుతుంది. పరీక్షించడం, కొనదలచినవారికి నడిపి చూపడం, రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్లడం, కొనుగోలుదారు వద్దకో మరొక డీలరు వద్దకో అప్పగింతకు తీసుకెళ్లడం వంటివి అందులో ఉన్నాయి. కాబట్టి విజయవాడ నుంచి నడిపి తెచ్చినంత మాత్రాన అది చట్టవిరుద్ధం కాదు, ఆ బండి పాతది కూడా కాదు. కానీ సిబ్బంది సొంత పనులకు తిప్పి ఉంటే అది ఆ నిబంధన కిందకు రాదు.

మరోవైపు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి అంటే ఏమిటో చెప్పే 2(47) సెక్షన్‌లో, పాత వస్తువును లేదా బాగుచేసిన వస్తువును కొత్తదని చెప్పి అమ్మడం స్పష్టంగా ఉంది. ఈ బండిని డెమోకు వాడి ఉన్నా, దెబ్బ తిని బాగుచేసి ఉన్నా మీకు బలమైన ఫిర్యాదు ఉంటుంది. కేవలం రవాణా అయితే, మీ ఫిర్యాదు బండి గురించి కాక సమాచారం దాచడం గురించి అవుతుంది. అందులో బండి మార్పించుకోవడం కష్టం, కొంత పరిహారం అడగవచ్చు.

కమిషన్ మాటను కంచరపాలెం గారు బెదిరింపుగా వాడమంటున్నారు, నేను దానికి ఒప్పుకోను. కాగితాలు చేతికి రాకముందు బెదిరిస్తే ఆ కాగితాలే దొరకకుండా పోతాయి. ముందు మర్యాదగా ఈమెయిల్‌లో అడగండి. చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, 10 నుంచి 20 లక్షల మధ్య అయితే రుసుము 400 రూపాయలు, గడువు రెండేళ్లు. మీకు తొందర లేదు. ఈలోగా 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసే వీలు కూడా ఉంది.

కంచరపాలెం_మెట్టు
న్యాయపథం గారి మాట ఒప్పుకుంటున్నాను. ముందు కాగితాలే అడగాలి. కానీ 100 దాటితే తీసుకోకూడదన్న నా మాట మాత్రం మార్చుకోను. మామూలు మనిషికి షోరూములో నిలబడి గుర్తు పెట్టుకోవడానికి ఒక అంకె కావాలి.

పీడీఐ_పాతచేయి
ఆ అంకె మంచిదే, కాకపోతే 100 దాటితే తీసుకోకూడదు అని కాకుండా, 100 దాటితే కాగితం చూపించనిదే సంతకం పెట్టకూడదు అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. డెలివరీ పత్రం మీద రీడింగు రాసే గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలి సంతకం చేస్తారు. శ్రావణ శుక్రవారాలు, దసరా, ధనత్రయోదశి నాడు మా షోరూములో ఒక్కరోజులో పదుల సంఖ్యలో బండ్లు వెళ్లేవి, వర్జ్యం వచ్చేస్తోందని కొన్నవారే మమ్మల్ని తొందరపెట్టేవారు. అటువంటి రోజుల్లో గడి ఎవరు నింపుతారు? వీలైతే ముందురోజే వెళ్లి బండిని తీరిగ్గా చూసి, మీటరు ఫొటో తీసుకుని, ముహూర్తానికి తాళాలు మాత్రం తీసుకోండి.

పెదవాల్తేరు_పెద్దాయన
1979లో మా నాన్నగారు అంబాసిడర్ కొన్నారు. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ నుంచి ఒక డ్రైవరు దాదాపు 900 కిలోమీటర్లు నడుపుకుంటూ తెచ్చి మా ఇంటి ముందు ఆపాడు. ఎక్కడెక్కడ ఆగాడో, ఎక్కడ నీళ్లు పోశాడో, బాలాసోర్ దాటాక ఏ శబ్దం వచ్చిందో, దాన్ని ఎలా సరిచేశాడో వాకిట్లో నిలబడి నాన్నగారికి పూసగుచ్చినట్లు చెప్పాడు. నాన్నగారు అతనికి భోజనం పెట్టించి, పంచె పెట్టి పంపారు. ఆ బండిని మేము ఒక్కరోజు కూడా పాతదని అనుకోలేదు. సీతమ్మధార గారికి ఆ డ్రైవరు చెప్పవలసిన మాటలే అందలేదు, అంతే.

సీతమ్మధార_సాయంత్రం
అందరికీ చెప్పవలసినది ఉంది. రాజమండ్రి మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. న్యాయపథం గారు చెప్పినట్లు ఈమెయిల్ పంపి, నిన్న షోరూముకు వెళ్లి కూర్చున్నాను. ముందు “సిస్టంలో లేదు” అన్నారు. తర్వాత మేనేజరు కంటే పైస్థాయి వ్యక్తి వచ్చి, ఫైలు తెప్పించి నా ముందు పెట్టారు.

బండి విజయవాడలోని ఇంకొక డీలరు దగ్గరి నుంచి, డెలివరీకి రెండు రోజుల ముందు, బుధవారం నాడు వచ్చింది. ఇద్దరు డీలర్ల మధ్య ఇన్‌వాయిస్, సరుకు రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు చూపించారు. అక్కడ గేటు దాటేటప్పుడు రీడింగు 17, ఇక్కడి యార్డులో దిగినప్పుడు 368. తేడా 351. కోటగోడ గారి లెక్క అచ్చం సరిపోయింది. మిగిలిన 23 యార్డు నుంచి రావడానికి, తనిఖీకి. అంటే ఇంతకుముందు ఎవరికీ అమ్మిన బండి కాదు, ఎవరూ వద్దన్న బండి కాదు. అది తెలిశాక గుండె మీది బరువు దిగింది.

ఇంకొకటి కూడా నిజాయితీగా చెప్పాలి. బుక్ చేసినప్పుడు మేము ఆకుపచ్చ రంగే కావాలనీ, ఆ శుక్రవారమే కావాలనీ పట్టుబట్టాము. అప్పుడు ఆ కుర్రాడు, “పై ఊరి నుంచైనా తెప్పిస్తాను సార్” అన్నాడని మా ఆవిడ ఇప్పుడు గుర్తు చేసింది. ఆ మాటకు అర్థం ఎవరో డ్రైవరు ఏడు గంటలు నడుపుకుంటూ వస్తాడని మాకు తట్టలేదు, అతనూ విడమరచి చెప్పలేదు.

ఆటోనగర్_లారీయజమాని
ఇంక హాయిగా నడుపుకోండి. 350 కిలోమీటర్లు ఆగకుండా నడిచి, ఒక్క లోపం చూపకుండా వచ్చిన బండి అది.

మాధవధార_రాత్రిబడి
నాకు ఇంకా ఒక అభ్యంతరం ఉంది. “పై ఊరి నుంచి తెప్పిస్తాను” అన్నంత మాత్రాన డీలరు బాధ్యత తీరిపోదు. ట్రెయిలర్ మీద వస్తే ఇన్ని రోజులు, నడిపి తెస్తే ఇన్ని కిలోమీటర్లు, మీరు ఏది కోరుకుంటారు అని అడగడానికి ఒక నిమిషం పట్టేది. ఈయన సరేననేవారేమో కూడా. అడిగిన తర్వాత రెండు అబద్ధాలు చెప్పడం మరీ తప్పు. ఊరికే వదిలేస్తే రేపు ఇంకొకరికి ఇలాగే జరుగుతుంది.

పీడీఐ_పాతచేయి
రాత్రిబడి గారితో నేను ఏకీభవిస్తున్నాను. సీతమ్మధార గారూ, మూడు విషయాలు రాతలో తీసుకోండి. డెలివరీ నాటి రీడింగు 391 అనీ, అది డీలర్ల మధ్య రవాణా వల్ల వచ్చిందనీ లెటర్‌హెడ్ మీద. ఈ బండికి ఏ మరమ్మతూ, ఏ రంగూ వేయలేదని అదే కాగితంలో. ఇక మొదటి సర్వీసులో సాధారణంగా ఆయిలు మార్చరు, చూసి పంపుతారు. మీరు మాత్రం వెయ్యి దగ్గర ఇంజను ఆయిలు, ఫిల్టరు వాళ్ల ఖర్చుతో మార్చమని అడగండి. కొత్త ఇంజను నుంచి వచ్చే సన్నటి లోహపు పొడి మొదటి ఆయిలులోనే ఎక్కువగా ఉంటుంది. హైవే మీద ఎలా నడిపారో తెలియదు కాబట్టి ఇది అడగడం న్యాయమే. వారంటీ లక్ష కిలోమీటర్ల వరకు అయితే అందులో 391 పోవడం పెద్ద నష్టం కాదు, దాని మీద వాదన పెట్టుకోవద్దు.

న్యాయపథం_ద్వారకానగర్
ఆ కాగితంలో చాసిస్ నంబరు ఉండేలా చూసుకోండి. సేల్ సర్టిఫికెట్ అయిన ఫారం 21, కంపెనీ ఇచ్చే ఫారం 22 లోని చాసిస్ నంబరుతో దాన్ని పోల్చుకోండి. రేపు బండి అమ్మేటప్పుడు కూడా అది పనికొస్తుంది.

సీతమ్మధార_సాయంత్రం
ఈరోజు లెటర్‌హెడ్ మీద, చాసిస్ నంబరుతో, ముద్ర వేసి ఇచ్చారు. మరమ్మతులు లేవని కూడా రాశారు. ఆయిలు, ఫిల్టరు మార్చడానికి మొదట “కంపెనీ షెడ్యూల్‌లో లేదు” అన్నారు కానీ, పాతచేయి గారు చెప్పిన కారణం చెప్పాక వాళ్ల వర్క్‌షాపు ఖర్చుతోనే చేస్తామని అదే కాగితం కింద రాసి సంతకం పెట్టారు. రెండు రకాలుగా చెప్పినందుకు మేనేజరు మా ఆవిడకు క్షమాపణ చెప్పారు. నాకంటే ఆమెకే ఆ మాట ఎక్కువ అవసరమైంది.

విజయవాడ నుంచి బండి తెచ్చిన డ్రైవరుతో మాట్లాడించమని అడిగాను. ఫోను కలిపారు. తుని దగ్గర వాన పడిందనీ, ఎక్కడా 80 దాటలేదనీ, అన్నవరం కొండ కింద ఆగి టీ తాగాననీ చెప్పాడు. పెద్దాయన గారి అంబాసిడర్ డ్రైవరు గుర్తుకొచ్చాడు.

పెదవాల్తేరు_పెద్దాయన
అన్నవరం మీదుగా వచ్చిందన్నమాట. సంతోషం నాయనా.

ఎండాడ_వాసి
వెయ్యి దగ్గర ఆయిలు మార్పించినప్పుడు తీసిన ఆయిలును ఒక తెల్ల కాగితం మీద చుక్క వేయించి ఫొటో పెట్టండి. వచ్చే నెల నా తమ్ముడు కారు తీసుకుంటున్నాడు, వాడిది కూడా పై ఊరి నుంచే రావాలట.